వానలో చెరువు చుట్టూ గ్రూపుగా నడిచి వంక దగ్గర ఇరుక్కున్నాము – వచ్చే ఆదివారం మళ్ళా పెట్టేదా వద్దా?

బైరాగిపట్టెడక్క:

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా అపార్ట్‌మెంటు వాళ్ళు, నా కాలేజీ ఫ్రెండ్సు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు కలిసి రెండేళ్ళుగా నెలకొక ఆదివారం ఎక్కడో ఒక చోట నడుస్తా ఉంటాము. పెద్ద ట్రెక్కింగ్ ఏం కాదు, పొద్దున్నే పోయి 6–7 కిలోమీటర్లు నడిచి ఒక చోట కూర్చోని తెచ్చుకున్నది తినేసి 11కంతా ఇంటికొచ్చేస్తాము. మొన్న ఆదివారం చంద్రగిరి తట్టు ఒక చెరువు చుట్టూ పోదామని పెట్టినాను. చెరువు పేరు చెప్పను, చెప్తే వచ్చే వారానికి కట్ట నిండా ప్లాస్టిక్ గ్లాసులే ఉంటాయి.

ముందురోజు సాయంత్రం నుంచే ముసురు పట్టి ఉండింది. గ్రూపులో పోదామా మానేద్దామా అని రాత్రి 11 దాకా మెసేజీలే మెసేజీలు, చివరికి నేనే "కార్తీకమాసంలో వాన పడక ఇంకెప్పుడు పడతాది, వచ్చేవాళ్ళు రండి" అనేసినాను. నోరు మూసుకోని ఉండాల్సింది. 17 మందిమి తేలినాము. అందరికన్నా చిన్నది మా ఫ్రెండు కూతురు, 9 ఏళ్ళు. అందరికన్నా పెద్ద మా అత్త, 66.

కట్ట మీద నడిచినంతసేపు నిజంగా బాగుండింది. చెరువు నిండిపోయి మొరవ పారతా ఉంది, సగం మునిగిన తుమ్మచెట్ల మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరేసుకుంటా కూర్చోనుండాయి, వానలో ఆరేసుకుంటే ఎట్ల ఆరతాయో వాటికే తెలియాల. కట్ట దిగి అవతల కొండ వారగా పోయే దారిలో పడినాక మొదలైంది కథ. మట్టి దారి కదా, ఒకటే జారుడు. మా అత్త చెప్పు బురదలో ఇరుక్కోని పట్టీ తెగిపోయింది, రెండోది కూడా తీసి చేతిలో పట్టుకోని ఒట్టి కాళ్ళతో నడిచింది. చెప్పొద్దూ, ఆ రోజు ఒక్కసారి కూడా జారనిది ఆమె ఒక్కతే. రెండువేలు పెట్టి బూట్లు కొన్న మా ఆయన మూడుసార్లు కూర్చున్నాడు.

వయసు పిల్లోళ్ళు నలుగురు ముందు వెళ్ళిపోయినారు, మధ్యలో గొడుగుల బ్యాచ్, వెనక మేము. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. కొండ మీంచి చెరువులోకి ఒక వంక వస్తుంది. ఎండాకాలంలో ఇసుకే ఉంటాది అందులో. ముందు పోయిన నలుగురూ మోకాలి లోతులో దాటేసినారంట. మేం చేరేసరికి అరగంట అయింటుందేమో, తొడల దాకా వచ్చేసింది, టీ రంగు నీళ్ళు, పుల్లలూ ఆకులూ కొట్టుకోని వస్తా ఉండాయి. వాళ్ళు నలుగురు ఆ గట్టున, మేము 13 మంది ఈ గట్టున. ఫోన్ సిగ్నల్ లేదు. అరిస్తే నీళ్ళ హోరులో వినపడదు, చేతులతో సైగలు చేసుకుంటా ఉన్నాము. ఒకాయన "నేను దాటి వస్తా, నాకు ఈత వచ్చు" అని ప్యాంటు మడుస్తా ఉన్నాడు, వాళ్ళావిడ చొక్కా పట్టుకోని లాగింది.

గంట పైన అట్లే నిలబడినాము. తెచ్చుకున్న బొరుగులు తడిసి గుజ్జయిపోయినాయి, చిన్నపాప చలికి వణకతా ఉంది. మేకలాయన ఒకాయన, యూరియా సంచిలో ఒక మూలని ఇంకో మూలలోకి దోపి నెత్తిన టోపీ మాదిరి వేసుకోని వచ్చినాడు, అవతలి నలుగురికీ ఏదో చెప్పి పైతట్టు నుంచి పొలాల రోడ్డుకి తీసుకెళ్ళినాడు. మేం వచ్చిన దారిలోనే వెనక్కి. అందరం ఇల్లు చేరేసరికి 1 అయింది. ఎవరికీ ఏం కాలేదు, దేవుడి దయ.

ఇప్పుడు గ్రూపులో యుద్ధం. ముందు పోయినోళ్ళదే తప్పని కొందరు, నిదానంగా నడిచినోళ్ళది తప్పని కొందరు, వానలో పెట్టిన నాదే తప్పని ఎక్కువమంది. ఒకాయన ఒక్క మాట చెప్పకుండా గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోయినాడు. వచ్చే ఆదివారం మళ్ళా పెట్టమని సగం మంది అడుగుతా ఉండారు, వాన మళ్ళా ఉందంటా ఉండారు. వానలో నడిచేదే పిచ్చిపనా, లేక మేం చేసిన తీరు తప్పా? అలవాటున్నోళ్ళు చెప్పండి. తిట్టేవాళ్ళు కూడా తిట్టండి, ఇంట్లో ఎట్లాగూ తింటా ఉండా.

—

సంగటిముద్ద:

వాన పడితే ఇంట్లో కూర్చోని వేడి సంగటిలో ఊరుబిండి నంజుకోని తినేదానికి దేవుడు ఆదివారం ఇచ్చినాడు అక్కా. మీరు పోయి వంకలో నిలబడినారు. నేను చెప్పేది ఇంతే.

—

నీరుగంటి మనవడు:

అక్కా, తిట్టడానికి ఏం లేదు గానీ ఒక సంగతి చెప్తా, కొంచెం పెద్దగా ఉంటాది, చదవండి. మా తాత మా ఊరి చెరువుకి నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాల, ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్ళు, అంతా ఆయన చేతిలో ఉండేది. వాన కాలంలో చెరువు మీదికి పోతే ఆయన నెత్తి మీద పడే వానని చూసేవాడు కాదు, కొండని చూసేవాడు. కొండ కనపడకుండా మబ్బు కమ్మేసింటే చాలు, "వంక తట్టు పోవద్దురా" అనేవాడు. మీ నెత్తిన చినుకులే పడతా ఉండొచ్చు, పైన కుంభవృష్టి పడతా ఉండొచ్చు. వంకలోకి వచ్చేది ఆ పైన పడిన నీళ్ళు.

లెక్క వేసుకోండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. ఆ వంకకి నీళ్ళిచ్చే కొండ 2 చదరపు కిలోమీటర్లు అనుకుందాం, 30 మిల్లీమీటర్లు పడితే 6 కోట్ల లీటర్లు. అందులో సగం ఇంకిపోయినా 3 కోట్లు, అంతా ఆ సన్న వంకలోంచే రావాల. శేషాచలం తట్టు కొండలు ఎక్కువ భాగం బండరాయి, పైన మట్టి పలచన, వాలు ఎక్కువ. పడిన నీళ్ళు నిలబడవు. అందుకే అరగంటలో మోకాలి లోతు తొడల దాకా వచ్చింది, మీకు అది చిత్రంగా అనిపించింది గానీ అది ఆ వంక రోజూ చేసే పనే. దిగడం కూడా అంతే తొందర, పైన వాన నిలిచిపోతే రెండు మూడు గంటల్లో తగ్గిపోతాది చాలావరకు. అందుకే మా తాత మాటల్లో వంక దగ్గర చేయాల్సిన పని ఒకటే, గట్టున కూర్చోని బీడీ కాల్చుకునేది.

ఈత వచ్చు అన్నాయనకి నా తరఫున చెప్పండి, వంకలో ఈత పనికిరాదు. వేగంగా పారే నీళ్ళు 6 అంగుళాలున్నా మనిషి కాలు తప్పిస్తాయి, 2 అడుగులుంటే కార్లనే ఎత్తుకోని పోతాయి. కింద ఏ రాయి ఉందో ఏ గుంత ఉందో ఆ రంగులో కనపడదు. నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, నురగా ఆకులూ పుల్లలూ రావడం మొదలైనా పైనుంచి కొత్త నీళ్ళు దిగతా ఉన్నట్టే. అప్పుడు చేయాల్సింది ఫోటో తీయడం కాదు, గట్టెక్కడం.

2021 నవంబర్ గుర్తుందా? ఇక్కడ ఉన్నోళ్ళు ఎవరూ మర్చిపోయి ఉండరు. తిరుపతి వీధుల్లో కార్లు తేలినాయి, కపిలతీర్థం దగ్గర నీళ్ళు గోడ మాదిరి దిగినాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకోని పోయి మళ్ళా తెరిచేసరికి 2022 మే వచ్చింది. స్వర్ణముఖి అయితే ఎండాకాలంలో క్రికెట్ ఆడుకునే ఏరు, ఆ వారం వంతెనలు తినేసింది. అదే నెలలో రాయలచెరువు కట్టకి నీళ్ళు కారతా ఉన్నాయని కింది ఊర్లన్నీ ఖాళీ చేయించినారు. అంత పాత చెరువు, రాయల కాలం నాటిదని చెప్పుకుంటారు, దానికే ఆ గతి పట్టింది.

ఆ కట్ట సంగతి చెప్తా, నడిచేవాళ్ళకి ఇది తెలిసుండాల. నిండు చెరువు కట్ట మీద నడిచేటప్పుడు లోపలి తట్టు చూసి ఆనందపడతాం, బయటి తట్టు కింద ఎవరూ చూడరు. మా తాత అక్కడే చూసేవాడు. కట్ట కింద తేట నీళ్ళు ఊరతా ఉంటే అంత కంగారు లేదు, మట్టి కట్ట అన్నాక చెమరుస్తాది. బురద నీళ్ళు వస్తా ఉంటే మాత్రం లోపల మట్టి కోసుకోని బయటికి వస్తా ఉందని అర్థం. ఎండ్రకాయ బొక్కో, ఎలక బొక్కో, చచ్చిపోయిన చెట్టు వేరో, దాని వెంబడి నీళ్ళు దారి చేసుకుంటాయి. అట్లాంటిది కనపడితే అక్కడ నిలబడొద్దు, ఊర్లోకి పోయి సర్పంచికో సచివాలయంలోనో చెప్పండి, 112 కి ఫోన్ చేసినా సరే. ఈ ఒక్క పని మీ గ్రూపు చేసినా ఊరికి ఉపకారం.

మొరవ రాళ్ళ మీదికి మాత్రం ఎవర్నీ దిగనివ్వొద్దు. వేరే జిల్లాల వాళ్ళకి చెప్తా, మొరవ అంటే మీరు అలుగు అంటారే అది. నీళ్ళు సన్నగా అందంగా పారతా ఉంటాయి, కింద రాయికి పాచి పట్టి ఉంటాది. సెల్ఫీకి కాలు పెట్టినోడు కింద గుండంలో తేలతాడు.

—

రేణిగుంట టు లెస్టర్:

నేను ఇంగ్లాండులో ఉండి ఎనిమిదేళ్ళు. ఇక్కడ వానలో నడవడం పిచ్చిపని కాదు, వాన రాని రోజు కోసం చూస్తే సంవత్సరానికి నాలుగుసార్లు నడుస్తారు అంతే. ఇక్కడ కంట్రీ పార్కులని ఉంటాయి, 1968 చట్టంతో మొదలైనాయి, ఊళ్ళకి దగ్గరగా జనం వచ్చి నడిచేదానికని పెట్టినవి, చాలా చోట్ల మంచినీళ్ళ రిజర్వాయర్ల ఒడ్డునే ఉంటాయి. మా దగ్గరలో రట్‌లాండ్ వాటర్ అని పెద్ద రిజర్వాయరు, చుట్టూ పూర్తిగా తిరిగితే 37 కిలోమీటర్లు. 1970ల్లో లోయని ముంచి కట్టినారు, ఒడ్డున ఒక చర్చి ఉంటాది, దాన్ని మునిగిపోకుండా లోపల నేల ఎత్తు పెంచి కాపాడుకున్నారు, చూస్తే నీళ్ళ మీద తేలతా ఉన్నట్టు ఉంటాది.

అక్కడ ఆదివారం వాకింగ్ గ్రూపుతో పోతా ఉంటా. మీ పోస్టు చదివి నాకు అనిపించింది వాన గురించి కాదు. ఇక్కడ ముందు ఒక మనిషి, వెనక ఒక మనిషి ఉంటారు. ముందు నడిచే మనిషిని దాటి ఎవరూ పోకూడదు. చివర నడిచే మనిషికి వెనక ఎవరూ మిగలకూడదు. ఆ చివరి మనిషి పని కష్టం, బూటు లేసు కట్టుకునేవాడి కోసం ఆగాల, ఫోటోలు తీసేవాడి కోసం ఆగాల, చెట్టు చాటుకి పోయినోడి కోసం ఆగాల. దారి చీలిన ప్రతి చోటా, గేటు దగ్గరా, నీళ్ళ దగ్గరా ముందు మనిషి ఆగతాడు, అందరూ వచ్చినాక తలకాయలు లెక్కపెట్టి మళ్ళా కదలతారు. వెనకాల వచ్చినోళ్ళకి రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకునే టైం కూడా ఇస్తారు, వాళ్ళు రాగానే మనం బయల్దేరేస్తే వాళ్ళకి ఎప్పుడూ రెస్టు దొరకదు కదా, ఆ సంగతి నాకు ఇక్కడికొచ్చేదాకా తట్టలేదు, ఊర్లో మా నాయనని తిరుమల మెట్ల మీద అట్లే నడిపించినా పాపం.

మీ గ్రూపులో ఆ ఇద్దరు మనుషులు ఉండి ఉంటే నలుగురు వంక దాటే ప్రశ్నే లేదు. వంక ఒడ్డున 17 మందీ ఒకేచోట నిలబడి, దాటలేమని చెప్పి వెనక్కి వచ్చేసేవాళ్ళు. బొరుగులైనా మిగిలేవి.

ఒక తేడా మాత్రం చెప్తా. ఇక్కడి వాన వేరు, గంటలు గంటలు సన్నగా తుంపర పడతా ఉంటాది, చలి. మన తిరుపతి నవంబర్ వాన బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఒక్క పూటలో నెల వాన కురిపించి పోతాది. ఇక్కడి ధైర్యం అక్కడ పెట్టుకోకూడదు.

—

బైరాగిపట్టెడక్క:

నీరుగంటి మనవడు గారూ, కట్ట బయటి తట్టు సంగతి మా ఆయనకి చదివి వినిపించినా. "నేను మూడుసార్లు పడినది అక్కడే, బాగా దగ్గర నుంచి చూసినా" అంటా ఉండాడు.

రేణిగుంట అన్నా, ముందు మనిషి అంటే ఒప్పుకుంటారు గానీ చివరి మనిషిగా ఎవరు ఒప్పుకుంటారు చెప్పు, మా వాళ్ళందరికీ ముందుండాలనే. ఇంకో డౌటు, ఫోర్‌కాస్ట్ ఎట్ల చూడాల? ఎల్లో అంటారు ఆరెంజ్ అంటారు, ఎల్లో అని చెప్పిన రోజు ఎండ కాస్తాది, ఏం చెప్పని రోజు ముంచేస్తాది. పిల్లల్ని తీసుకురావచ్చా?

—

మెట్లెక్కే మేడమ్:

ఎల్లో అంటే జాగ్రత్తగా చూసుకోమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇంక చర్చ లేదని. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. నేనైతే ఆరెంజ్ వస్తే చెరువు, కొండ, ఏరు ఏదీ పెట్టను. ఎల్లో రోజు అయితే వంక దాటే పని లేని దారి మాత్రమే. జిల్లా మొత్తానికి ఒకటే రంగు వేస్తారు కదా, కాబట్టి శ్రీకాళహస్తిలో దంచికొడతా ఉంటే చంద్రగిరిలో ఎండ ఉండొచ్చు, అది వాళ్ళ తప్పు కాదు. పిడుగులకి దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల ఎక్కడ పడతా ఉన్నాయో చూపిస్తాది. కట్ట మీద మీరే అందరికన్నా ఎత్తైన వస్తువు, గొడుగు పట్టుకోనుంటే ఇంకా ఎత్తు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 లెక్కపెట్టే లోపల ఉరిమితే కట్ట దిగేయండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళా ఎక్కొద్దు, చెట్టు కిందికి మాత్రం పోవద్దు, కార్లో కూర్చోండి.

నేను శ్రీవారి మెట్టు దాదాపు ప్రతి నెలా ఎక్కుతాను, 2,388 మెట్లు, వానలో కూడా ఎక్కినా, కాబట్టి తడి రాయి గురించి రొంత తెలుసు. మీ ఆయన రెండువేల బూట్లు ఎందుకు జారినాయో చెప్తా, అవి రోడ్డు మీద పరిగెత్తే బూట్లు అయ్యుంటాయి, కింద సాఫుగా ఉంటాది. బురదకి కింద గట్లు గట్లుగా లోతుగా ఉండాల. స్పాంజి చెప్పులు, హవాయి చెప్పులు వద్దు. మీ అత్తగారు ఒట్టి కాళ్ళతో జారలేదంటే వేళ్ళు మట్టిలో దిగతాయి కాబట్టి, పొలంలో నడిచిన కాళ్ళు అయ్యుంటాయి ఆమెవి. కానీ అందరికీ ఆ సలహా ఇవ్వను, తుమ్మముల్లు ఉంటాది, పగిలిన సీసాలు ఉంటాయి.

జీన్స్ వేసుకోని వానలో నడవద్దు. తడిస్తే రెండు కేజీలు అవుతాది, తొడలు ఒరుసుకోని మంట. గొడుగు కట్ట మీద గాలికి తిరగబడతాది, ఒక చెయ్యి దానికే పోతాది, జారితే పట్టుకునేదానికి చెయ్యి లేదు. మామూలు రెయిన్‌కోటు చాలు. ఒక జత పొడి బట్టలు, తువ్వాలు కార్లోనే పెట్టుకోండి, మోసుకోని తిరగొద్దు. ఇంకోటి, రిమోట్ ఉన్న కారు తాళంచెవి ప్లాస్టిక్ కవర్లో వేసి జేబులో పెట్టుకోమని డ్రైవింగ్ చేసేవాళ్ళకి చెప్పండి, ఎందుకు చెప్తా ఉన్నానో అడగొద్దు.

పిల్లల సంగతి. తీసుకురండి, కానీ ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దమనిషి, ఆ రోజు వాళ్ళకి వేరే పని లేదు. అడవి వారగా పోయే దారి అయితే వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత చేసిన పని మనకందరికీ తెలుసు, పాపం ఆరేళ్ళ బిడ్డ. అప్పట్లోనే చిన్నపిల్లలకి మధ్యాహ్నం 2 తర్వాత నడకదారి బంద్ పెట్టినారు. చంద్రగిరి, రంగంపేట తట్టు కొండల వారంతా అదే అడవి. ముందు పోయిన నలుగురు, వెనక పడిన ఇద్దరు అని విడివిడిగా నడిచేది వంక వల్లే కాదు, దీనివల్ల కూడా మంచిది కాదు. పైగా రిజర్వు ఫారెస్టులోకి పర్మిషన్ లేకుండా అడుగు పెడితే ఎర్రచందనం దొంగల్ని పట్టుకునేదానికి తిరిగే టీములు ఆపి అడగతారు, 17 మంది రెయిన్‌కోట్లేసుకోని మబ్బుల్లో అడవిలో నడుస్తా ఉంటే నేనైనా అడగతా.

కల్యాణి డ్యామ్ అడగతారేమో ఎవరైనా, ముందే చెప్తా. 1977లో కట్టింది, తిరుపతికీ తిరుమలకీ మంచినీళ్ళు ఇచ్చేది, పక్కన పోలీసు ట్రైనింగ్ కాలేజీ. అక్కడ సిబ్బంది ఎంతవరకు పోనిస్తే అంతవరకే పోవాల, గేట్లు ఎత్తే సీజన్లో కిందితట్టు ఏట్లోకి అసలు దిగొద్దు. వాన రోజుకి నా ఓటు చంద్రగిరి కోటకే. లోపల కావలసినంత నడవొచ్చు, చెరువు ఉంది, కొండ వెనకాలే ఉంది, వాన జాస్తి అయితే రాజమహల్లోకి దూరిపోవచ్చు. శుక్రవారం మ్యూజియం ఉండదు, మీది ఆదివారం కాబట్టి బాధ లేదు.

—

అవతలిగట్టు:

అకౌంట్ ఇప్పుడే తెరిచినా. అక్కా, ఆ నలుగురిలో నేనొకణ్ణి. పేరు రాయను, నీకు తెలిసిపోతాదిలే.

గ్రూపులో అందరూ తిడతా ఉంటే నోరెత్తలేదు. జరిగింది చెప్తా. మేము వంక దగ్గరికి పోయినప్పుడు మేకలు దాటతా ఉండాయి. చిన్న చిన్న పిల్ల మేకలు కూడా టకటకా దూకేసినాయి. మేకలే దాటినాయి కదా మనకేం అని దిగినాము. అప్పుడు నీళ్ళు మోకాళ్ళకే. దాటినాక అవతల బండ మీద కూర్చోని మీకోసమే చూస్తా ఉండాము నిజంగా, ఫోటోలు తీసుకుంటా. చూస్తా చూస్తా ఉండంగానే మేం కాలు పెట్టి దాటిన రాయి మునిగిపోయింది. మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నీ గొడుగు కనపడింది అవతల, ఎర్ర గొడుగు.

ఆ మేకలాయన వచ్చినాక మేము అడిగినాము, నీ మేకలు దాటినాయి కదా పెద్దాయనా అని. ఆయన నవ్వినాడు. "అవి మబ్బు జూసి ఇంటికి పోతా ఉండాయి నాయనా, మీరు ఇంటికాడి నుంచి వస్తా ఉండారు" అన్నాడు. మా వాడొకడు వంద రూపాయలు ఇయ్యబోతే తీసుకోలేదు, బీడీలున్నాయా అని అడిగినాడు, మాలో ఎవరికీ అలవాటు లేదు. తడిసిన చాక్లెట్ ఒకటి ఉంటే ఇచ్చినాము. పొలాల్లో గెనాల మీద నడిపించుకోని రోడ్డు దాకా వదిలిపెట్టినాడు, దగ్గర దగ్గర 3 కిలోమీటర్లు ఉంటాది, మేకల్ని వాళ్ళ మనవడికి వదిలేసి వచ్చినాడు దానికోసం.

తప్పు మాదే. కానీ ఆపమని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆగేవాళ్ళం అక్కా, అది కూడా నిజం.

—

సంగటిముద్ద:

తమ్ముడూ, మేకల వెనకాల పోయినోడివి నువ్వొక్కడివే కాదులే. నేను 2015 వానల్లో బస్సు దాటింది కదా అని దాని వెనకాలే కాజ్‌వే మీదికి బైక్ ఎక్కించినా. బస్సు బరువెంత, నా బైక్ బరువెంత? రెండు రోజుల తర్వాత బైక్ దొరికింది. సైలెన్సర్లో ఎండ్రకాయ కాపురం పెట్టేసింది, అబద్ధమైతే ఒట్టు.

—

బైరాగిపట్టెడక్క:

రేయ్ నువ్వా! ఆ చివరి లైను చదివి కోపం వచ్చింది, రెండోసారి చదివితే రాలేదు. బయల్దేరేటప్పుడు వంక దగ్గర అందరూ ఆగాల అని నేను ఒక్క మాట అనలేదు, వంక ఉందని తెలిసి కూడా. ఇంటికి రా మాట్లాడదాం, మీ అమ్మతో నేనే చెప్తాలే.

అందరికీ థ్యాంక్స్. సంగటిముద్ద గారికి కూడా. గ్రూపులో పెట్టేసినా, ఇక్కడ కూడా రాస్తా. ఆదివారం పెడతా ఉండాము, ఎల్లో దాకా అయితేనే, శనివారం రాత్రి 8కి నేను చూసి చెప్పేస్తా, దాని తర్వాత పోదామా వద్దా అని మెసేజీలు పెడితే చదవను. చెరువు చుట్టూ కాదు. కట్ట ఈ కొస నుంచి మొరవ దాకా, మళ్ళా వెనక్కి, అట్ల రెండుసార్లు తిరిగితే 5 కిలోమీటర్లు వస్తాది, ఎవరికి ఓపిక లేకపోతే వాళ్ళు మధ్యలో కార్లో కూర్చోవచ్చు. మొరవకి ఇరవై అడుగుల ముందే ఆగిపోవాల. కట్ట బయటి తట్టు చూసే డ్యూటీ మా ఆయనది. మబ్బు కమ్మి కొండ కనపడకపోతే కార్లు అట్లే చంద్రగిరి కోటకి తిప్పేస్తాము.

చివరి మనిషి అవతలిగట్టు బాబే. పది మంది లేసులు కట్టుకునేదాకా నిలబడాల, కిక్కురుమనకూడదు. ముందు మనిషి మా అత్త. ఆమెని దాటి పోయే ధైర్యం మా అపార్ట్‌మెంటులో ఎవరికీ లేదు. ఒట్టి కాళ్ళతోనే వస్తానంటా ఉంది, ముల్లు గుచ్చుకుంటాదంటే "మీ బూట్లకి గుచ్చుకోనిది నా కాలికి గుచ్చుకుంటాదా" అంటా ఉంది, ఇంక ఎవరు చెప్పినా వినదు.

మేకలాయన కోసం ఒక బీడీ కట్ట, ఒక మంచి రెయిన్‌కోటు కొన్నాము. అటువైపు ఎప్పుడు వస్తాడో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. చిత్రాన్నం నేను తెస్తా, ఉడకేసిన చెనిక్కాయలు ఎవరు తెస్తారో గ్రూపులో పేరు పెట్టండి. బొరుగులు వద్దు.